మోకాలి లోతు మంచు, కుర్చీ వేసేంత ఎండ

ఆ ఆదివారం ఉదయం టీ చల్లారేలోగా సెలవులకు ఎక్కడికి వెళ్ళాలో తేల్చేయాలని గుమాస్తా నిశ్చయించుకున్నాడు. వంటగది బల్ల మీద తెల్ల కాగితం పరిచి, స్కేలు పెట్టి నాలుగు గళ్ళు గీశాడు. ఇంట్లో ఉన్నది నలుగురు. ఎవరికేం కావాలో వాళ్ళ గడిలో రాసుకుని, అన్నిటికీ సరిపోయే కొండ ప్రాంతం ఒకటి వెతకడం ఎంతసేపటి పని అనుకున్నాడు.

అతని ఉద్యోగం వాతావరణ శాఖలో, పాత రికార్డుల విభాగంలో. ఎక్కడెక్కడి పరిశీలన కేంద్రాల నుంచో నెలనెలా కాగితాలు వస్తాయి. ఎంత వాన, ఎంత మంచు, ఎన్ని గంటల ఎండ అన్న ఆ అంకెలను రిజిస్టర్లలోకి ఎక్కించడం అతని పని. పదిహేడేళ్ళుగా ఎక్కిస్తున్నాడు. ఇంత అనుభవమున్న మనిషి ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకుని రెండుసార్లు స్కీయింగ్ సెలవులకు వెళ్తే, మొదటిసారి మంచుకు బదులు వారం రోజులు వాన కురిసింది. రెండోసారి మంచు పడింది గానీ, దట్టమైన పొగమంచులో అది ఎవరికీ కనబడలేదు. అప్పటినుంచి కూతురు బడికి గొడుగు తీసుకెళ్ళాలా వద్దా అన్నది కూడా అతన్ని అడగడం మానేసి, పక్కింటివాళ్ళను అడుగుతోంది.

"నాకు మంచు కావాలి," అంది కూతురు. పన్నెండేళ్ళది. "గడ్డి మీద స్కీలు కట్టుకుని ఫొటో దిగడం ఇక నా వల్ల కాదు నాన్నా. మోకాలి లోతు ఉండాలి. ఒక్క అంగుళం తగ్గినా నేను రాను."

"ఆ మోకాలి మాట ఎత్తకే," అంది అతని అత్తగారు. "నాకున్నవే రెండు, రెండూ నొప్పులే. నాకు మంచుతో పన్లేదు అల్లుడుగారూ. గుమ్మం ముందు ఎండలో ఓ కుర్చీ వేయండి చాలు. మెట్లు మాత్రం ఉండకూడదు."

రెండు గళ్ళు నిండాయి. అతను భార్య వైపు చూశాడు. ఆమె ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. ఆ గది నేలమాళిగలో ఉంటుంది. ఆమె గిన్నె తుడుస్తున్నదల్లా ఆపి, కాసేపు ఆలోచించింది.

"ఎండ," అంది. "పొద్దున చీకట్లో పోతాను, పని చేసేది చీకటి గదిలో, వచ్చేసరికి మళ్ళీ చీకటే. నా నీడ నేను చూసుకుని రెండు నెలలైంది. ఒక్క వారం అది నా పక్కన నడిస్తే చాలు."

నవ్వుతూనే అంది. అతనికి నవ్వు రాలేదు. కిందటి చలికాలం సెలవు రోజుల్లో ఆమె గోడవైపు తిరిగి పడుకుని ఉండిపోయేది. పిలిస్తే పలికేది, పలికాక మళ్ళీ అటే తిరిగేది. డాక్టరు చీటీలో మాత్రల పేరు కింద "ఎండ" అని రాసిచ్చాడు. మాత్రలు మందుల షాపులో దొరికాయి.

"చిక్కల్లా ఏమిటంటే," అన్నాడు అతను, "ఎండ బాగా కాస్తే మంచు నిలవదు. మంచు నిలిచే చోట ఎండ ఉండదు. రెండూ ఒకచోట ఇమడటం కష్టం."

"అంత కష్టమేం కాదు లెండి," అంది అత్తగారు. "మీరిద్దరూ ఇమడలేదూ."

నాలుగో గడి ఖాళీగా ఉండిపోయింది. తనకేం కావాలో అతనికి తట్టలేదు. ఈసారి ఎవరూ తనవైపు చూసి నిట్టూర్చకుండా ఉంటే చాలనిపించింది గానీ, దాన్ని గడిలో ఎలా రాయాలో తెలియలేదు.

అంతకుముందు రెండుసార్లూ అతను రిజిస్టర్లు తిరగేసి, సగటు లెక్కగట్టి చోటు ఎంచాడు. రెండుసార్లూ సగటు చాలా బాగుంది. అయితే సగటు అనేది ముప్ఫై ఏళ్ళ మీద పరుచుకుని ఉంటుంది, తన సెలవు ఏడే ఏడు రోజులు. ఈసారి అంకెలను కాదు, అక్కడే ఉంటున్న మనుషులను అడగాలనుకున్నాడు. సోమవారం భోజన విరామంలో, కొండల మీది ఆరు పరిశీలన కేంద్రాలకూ ఒకే మెయిల్ రాశాడు.

"ఫిబ్రవరి రెండో వారంలో మీ ప్రాంతంలో ఎండ బాగా కాస్తుందా? మంచు మోకాలి లోతుకు తగ్గదని నమ్మకంగా చెప్పగలరా? నలుగురికి బస అవసరం. వారిలో ఒకరికి మోకాళ్ళ నొప్పులు. కాబట్టి మెట్లు లేకుండా ఉంటే మేలు."

సొంత పనికి ఆఫీసు మెయిల్ వాడుతున్నందుకు కాస్త బెరుకుగానే ఉంది. అయితే కేంద్రాల చిరునామాలు అందులోనే ఉన్నాయి. పైగా కింద తన పేరొక్కటే రాశాడు, హోదా రాయలేదు. అతను మరిచిపోయిన సంగతి ఒకటుంది. ఆఫీసు నుంచి ఏ మెయిల్ వెళ్ళినా దాని అడుగున రెండు వాక్యాలు వాటంతటవే అచ్చవుతాయి. రోజూ చూసీ చూసీ అతని కంటికి అవి ఆనడం మానేశాయి. "శాఖ డైరెక్టరుగారి ఆదేశాల మేరకు. పది రోజుల్లోగా జవాబు పంపడం తప్పనిసరి."

కొండల మీద ఆ ఆరు కేంద్రాలకూ డైరెక్టరు పేరుతో ఉత్తరం వచ్చి ఏళ్ళయింది. చదివినవాళ్ళు మళ్ళీ మళ్ళీ చదివారు. నలుగురికి బస. అంటే నలుగురు సిబ్బందితో కొత్త కేంద్రం పెడుతున్నారు. వాళ్ళలో ఒకరి మోకాళ్ళ గురించి శాఖే స్వయంగా రాసిందంటే, ఆయన చాలా పెద్ద అధికారి అయివుంటాడు. డైరెక్టరే అయివుంటాడు. కబురు కేంద్రాల నుంచి ఊరి పెద్దలకు, వాళ్ళ నుంచి హోటళ్ళవాళ్ళకు, రోప్‌వేలు నడిపేవాళ్ళకు చేరింది.

జవాబులకు పది రోజులు పట్టలేదు. ఒక ఊరు, తమ దగ్గర ఫిబ్రవరిలో ముప్ఫై రోజులు ఎండ కాస్తుందని రాసింది. ఇంకో ఊరు తమ మంచు ఎంత నమ్మకమైనదంటే మే నెలలో దాన్ని పారలతో ఎత్తిపోయాల్సి వస్తుందంది. మూడో ఊరు తన గురించి ఏమీ చెప్పుకోకుండా, నాలుగో ఊరివాళ్ళు గాలికి మంచు పోగుపడే గోడ పక్కన కర్ర పాతి కొలుస్తున్నారని రెండు పేజీల ఫిర్యాదు పంపింది. నాలుగో ఊరు జవాబుతోపాటు పార్శిల్ పంపింది. అందులో ఉన్ని మోకాలి తొడుగులు రెండు జతలున్నాయి. పార్శిల్ మీద డైరెక్టరు పేరుంది.

డైరెక్టరు యాభై రెండేళ్ళ మనిషి, రోజూ పొద్దున్నే పరుగుకు వెళ్ళే రకం. తొడుగులను అటూ ఇటూ తిప్పి చూస్తుండగా, అయిదో ఊరి నుంచి ముగ్గురు పెద్దమనుషులు నేరుగా వచ్చేశారు. ఆయన మర్యాదకు లేవబోతే, ఇద్దరు పరుగున వచ్చి చెరో భుజమూ పట్టుకున్నారు.

"మీరు కదలకండి సార్. మా దగ్గర అంతా చదునే. ఒక్క మెట్టు కూడా ఉండదు."

మూడో ఆయన తెచ్చిన పెట్టెలో మంచు ఉంది. తమ ఊరి మంచు ఎంత గట్టిదో డైరెక్టరుగారు చేత్తో పట్టి చూడాలని నమూనాగా తెచ్చారు. పెట్టెను గదిలో ఖాళీగా కనబడిన ఒకే ఒక్క చోట, అంటే హీటరు పక్కన, పెట్టారు. వాళ్ళు తమ ఊరి గొప్పలు చెప్పి ముగించేసరికి నమూనా తివాచీ దాటి, గుమ్మం దాటి, బయట సెక్రటరీ చెప్పుల కిందికి చేరింది.

ఆ తడిలోనే గుమాస్తాకు పిలుపు వచ్చింది.

"ఏంటండీ ఇది?" అన్నాడు డైరెక్టరు మెయిల్ ప్రతి చూపిస్తూ. "నా ఆదేశాల మేరకు అని ఉంది. నేనెప్పుడు ఆదేశించాను?"

గుమాస్తా ఆ రెండు వాక్యాలనూ కొత్తగా చూస్తున్నట్టు చూశాడు. "పొరపాటైంది సార్. అది ఆఫీసు పని కాదు. మా అత్తగారి మోకాళ్ళ..."

అప్పుడే ఫోన్ మోగింది. పై ఆఫీసు నుంచి. ఊళ్ళలో పుట్టిన కబురు అక్కడికీ పాకింది. అవతలివాళ్ళు చెప్పేది వింటున్నకొద్దీ డైరెక్టరు ముఖం రంగు మారింది. ముందు ఎర్రబడింది, తర్వాత తెల్లబడింది, చివరికి వెలిగింది. "అవునండీ. నా ఆలోచనే. చాలాకాలంగా అనుకుంటున్నదే... మీరు మెచ్చుకోవడం మీ పెద్దమనసు," అంటూ పెట్టేశాడు.

"కూర్చోండి," అన్నాడు గుమాస్తాతో. పదిహేడేళ్ళలో ఆ గదిలో ఎవరూ అతన్ని కూర్చోమనలేదు. "మంచు, ఎండ రెండూ ఖాయంగా ఉండే ప్రాంతమేదో శాఖ తేల్చి చెప్పడం ప్రజలకు మంచి సేవ అంటున్నారు. కమిటీ వేస్తున్నాను. కార్యదర్శి మీరే. ఎంత లేదన్నా ఫిబ్రవరి ఆఖరుదాకా పని ఉంటుంది. ఈలోగా సెలవులూ గిలవులూ ఏమీ పెట్టుకోకండి."

ఆ సాయంత్రం అతను బస్సు దిగాక ఇంటికి తిన్నగా పోలేదు. వీధి రెండుసార్లు చుట్టొచ్చాడు. చీకటి పడి అప్పటికే చాలాసేపైంది. సెలవు కోసం రాసిన ఉత్తరమే సెలవును మింగేసిందని ఇంట్లో ఎలా చెప్పాలో తెలియలేదు. చెప్తే కూతురు అలుగుతుంది, అత్తగారు ఏదో ఒకటి అంటుంది. వాటికి తట్టుకోగలడు. భార్య "పర్లేదు లెండి" అంటుంది. దానికే అతని భయం.

సరిగ్గా అదే అంది. కోటు కూడా విప్పలేదింకా, ఆసుపత్రి వాసన పోలేదు, గుమ్మంలోనే నిలబడి అంతా విని "పర్లేదు లెండి" అంది. ఆపైన కోటు విప్పుతూ, "కానీ మీరు ఆయనకు నిజం మొత్తం చెప్పలేదు కదా. సగమే చెప్పారు. మిగతా సగం కూడా చెప్పండి. సెలవు కోసం కాదు. మీరెప్పుడూ తప్పుడు అంకె రాసిన మనిషి కాదు, ఇప్పుడెందుకు," అంది.

అతను తల ఊపాడు.

కమిటీ మొదటి సమావేశానికి పన్నెండుమంది వచ్చారు. ఊళ్ళవాళ్ళు ఎదురెదురుగా కూర్చుని, ఒకరి మంచు ఒకరికి నచ్చనట్టు చూసుకుంటున్నారు. డైరెక్టరు మంచినీళ్ళు తాగి, కార్యదర్శిని లక్ష్యాలు చదవమన్నాడు. గుమాస్తా లేచాడు. చేతిలో కాగితం లేదు.

"ఆ మెయిల్ నేను సొంతానికి రాసుకున్నానండి," అన్నాడు. "కొత్త కేంద్రం ఏదీ లేదు. ఆ నలుగురం మా ఇంట్లోవాళ్ళం. మోకాళ్ళ నొప్పులు మా అత్తగారికి. డైరెక్టరుగారి మోకాళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయి. మా ఆవిడకు ఎండ కావాలి, అమ్మాయికి మంచు కావాలి. ఈ రెండూ దొరికే చోటు అడిగానంతే. ఇంతమందిని శ్రమపెట్టినందుకు క్షమించాలి."

డైరెక్టరు కళ్ళు మూసుకున్నాడు. ఇక తన ఉద్యోగం కూడా రిజిస్టర్లలో పాత రికార్డుగా మిగిలిపోతుందని గుమాస్తా అనుకుంటుండగా, రోప్‌వే యజమాని ఒకడు మెల్లగా చప్పట్లు కొట్టాడు.

"ఎంత బాగా చెప్పారండీ," అన్నాడు. "సామాన్య కుటుంబం కోణంలోంచి చూడాలని కదా మీరంటున్నది. అత్తగారూ, ఇల్లాలూ, పిల్ల. మేం ఇన్నేళ్ళూ స్కీలు వేసుకునేవాళ్ళ గురించే ఆలోచించాం. స్కీలు వేసుకోని అత్తగారి సంగతి ఎవరూ పట్టించుకోలేదు."

"కుర్చీలు వేయిస్తాం," అన్నాడు హోటలాయన ఒకడు.

"మేం చేతులున్న కుర్చీలు వేయిస్తాం," అన్నాడు అతని ఎదురుగా ఉన్నవాడు.

డైరెక్టరు కళ్ళు తెరిచి, తాను చెప్పదలచుకున్నది కూడా సరిగ్గా ఇదేనన్నాడు. గుమాస్తా ఇంకోసారి నిజం చెప్పబోయాడు గానీ, అప్పటికే అందరూ కుర్చీల గురించి మాట్లాడుకుంటున్నారు. నిజం చెప్పినా నమ్మకపోవడమనేది ఒకటుంటుందని అతనికి ఆరోజే తెలిసింది. ఇంటికెళ్ళి భార్యకు చెబితే ఆమె చాలాసేపు నవ్వింది. ఆ చలికాలంలో ఆమె అంతసేపు నవ్వడం అదే మొదలు.

ఒక లాభం కలిగింది. తగవు మంచు నుంచి కుర్చీలకు మారడంతో పని తొందరగా తెమిలింది. వచ్చిన జవాబులకు మార్కులు వేశారు. ముప్ఫై రోజుల ఫిబ్రవరి ఊరికి మొదటి స్థానం దక్కింది. అంకె తప్పని గుమాస్తా అభ్యంతరం చెబితే, ఉత్సాహంలో ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అవుతాయన్నారు. ఆరో ఊరు ఆఖరున నిలిచింది. అక్కడి కేంద్రాన్ని ఒక్కావిడే నడుపుతోంది. ఆమె పంపిన జవాబు ఒకే వరుస. "ఎండ ఉంటుంది, మంచు ఉండొచ్చు, ఖాయమని ఎవరన్నా అంటే నమ్మకండి." దానికి మార్కులెలా వేయాలో తెలియక సున్నా వేశారు. జనవరి ముగిసేలోపే నివేదిక అచ్చయింది. డైరెక్టరు సంతోషంతో గుమాస్తా సెలవు తిరిగి మంజూరు చేశాడు.

నివేదిక పేపర్లలో పడ్డ మర్నాడు అతను మొదటి ఊరికి ఫోన్ చేశాడు. గదులు లేవు. రెండో ఊళ్ళో లేవు, మూడులో లేవు. నాలుగో ఊరి హోటలాయన అతని గొంతు గుర్తుపట్టి కూడా లేవన్నాడు. అయిదో ఊరివాళ్ళు నమూనా పెట్టె తిరిగి పంపమన్నారు. ఇంత ఖచ్చితమైన సర్కారీ నివేదిక చూశాక ఇంట్లో ఎవరు కూర్చుంటారు? మొదటి ఊళ్ళో ఆఖరి గదిని డైరెక్టరే తీసుకున్నాడని తర్వాత తెలిసింది.

చివరికి ఆరో ఊరికి చేశాడు. పరిశీలకురాలే ఎత్తింది.

"మీ నివేదికలో మేం ఆఖరు కదా," అంది.

"అవునండీ," అన్నాడు సిగ్గుపడుతూ.

"అయితే గదులన్నీ ఖాళీగానే ఉన్నాయి. రండి." ఆ వెంటనే, "మీరు ఎన్నేళ్ళుగా మా కాగితాలు ఎక్కిస్తున్నారు?" అని అడిగింది.

"పదిహేడు. మీ ఏడు అంకె నాకు తెలుసండీ, నడుం మీద గీత పెడతారు. ఓ ఏడాది మార్చిలో మూడు వారాలు ఎడమచేత్తో రాశారు."

"చెయ్యి విరిగింది," అంది ఆవిడ. "ఎవరూ అడగలేదు."

మొదటి రెండు రోజులూ అక్కడ మబ్బు పట్టి ఉంది. ఎవరూ ఏమీ అనలేదు. ఆ అనకపోవడమే అతనికి బరువుగా తోచింది. మూడో రోజు ఉదయం కిటికీ తెర తీస్తే గది మొత్తం తెల్లగా వెలిగింది. మంచు కూతురి మోకాలు దాటి నాలుగంగుళాలుంది. ఆమె స్వయంగా స్కేలు పెట్టి కొలిచింది. అత్తగారికి గుమ్మం ముందు కుర్చీ వేశారు. హోటలువాళ్ళకు ఆమె తప్ప పనేమీ లేనందువల్ల, ఎండతో పాటే కుర్చీని జరుపుతూ వచ్చారు. భార్య తెల్లటి దారి మీద ఒక్కతే చాలాదూరం నడిచివెళ్ళి, వెనక్కి తిరిగి, మళ్ళీ నడిచింది. అతను కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాడు. ఎలా ఉందని అడగాలనిపించలేదు.

మధ్యాహ్నం పరిశీలకురాలు అతనికి తన పనిముట్లు చూపించింది. ఎండను కొలిచేది ఒక గాజు గోళం. దానిమీద పడిన ఎండ, వెనకున్న కార్డు మీద సన్నగా కాల్చిన గీతలా అచ్చవుతుంది. గీత పొడవే ఎండ లెక్క.

"పొద్దున తొమ్మిదిదాకా దీనిమీద మంచు పేరుకుని ఉంటుంది," అంది. "ఏడింటికే ఎండ వస్తుంది, కార్డు మాత్రం తొమ్మిదికి గానీ కాలదు. రోజుకు రెండు గంటల ఎండ లెక్కలో పడదు."

"తుడిచేయొచ్చు కదండీ."

"తొమ్మిదిలోపు గోళాన్ని ముట్టకూడదని మీ విభాగం పంపిన సూచనల పుస్తకంలో ఉంది. పేజీ కూడా చెప్పమంటారా?"

అతను వద్దన్నాడు. పదిహేడేళ్ళు, ఏడాదికో చలికాలం, రోజుకు రెండు గంటలు. ఇంత ఎండను తన చేత్తో లేకుండా చేశానన్నమాట అనుకున్నాడు. రిజిస్టర్లో ఎక్కడా తప్పు లేదు, వచ్చిన అంకెనే ఎక్కించాడు. అయినా ఆ మాట పూర్తిగా ఊరటనివ్వలేదు. మర్నాడు పొద్దున ఏడింటికి అతనూ ఆవిడా కలిసి, పుస్తకాన్ని ఓ పక్కన పెట్టి, మెత్తటి గుడ్డతో గోళాన్ని తుడిచారు. కార్డు వెంటనే కాలడం మొదలైంది. సన్నటి పొగ పైకి లేస్తుంటే ఇద్దరూ చిన్నపిల్లల్లా వంగి చూశారు. వెళ్ళేదాకా రోజూ ఆ పని అతనే చేశాడు. ఆ వారం మిగిలిన నాలుగు రోజులూ ఎండ కాసింది.

సోమవారం ఉదయం ఆఫీసు మెట్ల దగ్గర డైరెక్టరు ఎదురయ్యాడు. జలుబుతో గొంతు పూడుకుపోయింది. మొదటి స్థానం వచ్చిన ఊళ్ళో వారం రోజులూ వాన పడిందట. చేతులున్న మూడువందల కుర్చీలు వరండాల్లో తడుస్తూ ఉన్నాయట. ఆ సంగతంతా చెప్పుకుని, "మీదెలా గడిచింది?" అని అడిగాడు.

గుమాస్తా ఒక్క క్షణం ఆలోచించాడు. ఆ ఊళ్ళో ఖాళీగా ఉన్న గదులూ, తెల్లటి దారి మీద ఒక్కతే నడుస్తున్న భార్యా కళ్ళముందు మెదిలారు. "ఏముందండీ, ఒకటే ముసురు," అన్నాడు.

డైరెక్టరు, ఎండకు కమిలి పొరలు పొరలుగా ఊడుతున్న అతని ముక్కు వైపు చాలాసేపు చూసి, "ఆ ముసురు ఏ ఊళ్ళో పడుతుందో నాకూ కాస్త చెప్పండి," అన్నాడు.